అక్షరానికి మూడు పౌండ్లు

మోర్‌కమ్ సముద్రపు గట్టు మీద
కౌన్సిల్ వాళ్లు బెంచీ ఇస్తారు, పదేళ్లకి.
ఆ తర్వాత మళ్లీ డబ్బు కట్టి పొడిగించుకోవాలి.
జ్ఞాపకానికీ అద్దె ఉంటుందని
ఫారం నింపుతుంటే తెలిసింది.

ఇత్తడి రేకు మీద పేర్లు చెక్కే దుకాణం
చేపలు వేయించే కొట్టు పక్క సందులో ఉంది.
గోర్డన్. చెవి మీద పెన్సిలు పెట్టుకునే పెద్దాయన.
"అక్షరానికి మూడు పౌండ్లు" అన్నాడు.
నేను కాగితం మీద చెల్లెలి పేరు రాసిచ్చాను.

జ్యోత్స్న.

కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు.
"ఇందులో అక్షరాలెన్ని?"
రెండు, అన్నాను.
కిందికి వేలాడుతున్న వాటిని పెన్సిలుతో పొడుస్తూ
"మరి వీళ్లో?" అన్నాడు,
టికెట్ లేకుండా బస్సెక్కిన పిల్లల్ని పట్టుకున్నట్టు.
వాళ్లు వత్తులు. వాళ్లకి వేరే సీటు అక్కర్లేదు,
పైవాళ్ల కాళ్లు పట్టుకుని వేలాడతారు.
నా ఇంగ్లీషులో అది చెప్పేసరికి
ఇద్దరికీ నవ్వొచ్చింది.
అది పోయిన తొమ్మిది నెలల్లో
నేను పైకి నవ్వింది అప్పుడే.

ఒక మాట కేటలాగు నుంచి ఎంచుకోవచ్చన్నాడు.
"ఈ సముద్రాన్ని ప్రేమించిన మనిషి."
దానికి సముద్రం పడదు గోర్డన్,
ఈ గాలికి చెవిపోటు వచ్చేది.
డ్యూటీ దిగాక చెప్పులు విప్పుకుని,
నీళ్లకి వీపు పెట్టి
బస్సు కోసం చూసేది, అంతే.
"అది రేకు మీద పట్టదు" అన్నాడు ఆయన, మర్యాదగానే.

దాని ఉద్యోగం కేర్ హోమ్‌లో, బట్టలుతికే గదిలో.
కాలర్ల లోపల పేర్లు కుట్టేది.
ఈనిడ్. వాల్టర్. మ్యూరియల్.
తన పేరు తాను మరిచిపోయిన వాళ్లకి
మెడ వెనక అది భద్రంగా ఉండేది.
మ్యూరియల్‌కి ఒక అక్షరం తక్కువ పడిందని
రాత్రి పదింటికి బస్సెక్కి వెనక్కి వెళ్లింది ఒకసారి,
వానలో, సూదీ దారం జేబులో వేసుకుని.

తన పేరు మాత్రం పుట్టాక ఒక్కసారీ సరిగ్గా రాయలేదు.
రెండో తరగతిలో పలక నిండా రాయించారు,
ఆ త కింద స, స కింద న
ఎక్కడో ఒకచోట జారి పడిపోయేవి.
ఒకరోజు విసుగొచ్చి తేల్చేసింది: జోస్న.
నా నోటు పుస్తకాల అట్టల మీద జోస్న,
పాల చీటీ మీద జోస్న,
పెళ్లి రిజిస్టర్‌లో కూడా.
నేను దిద్దినప్పుడల్లా
"పిలిస్తే పలుకుతున్నానుగా" అనేది.

చెక్కబోయే ముందు గోర్డన్ నమూనా పంపాడు.
బావుంది. వత్తులన్నీ వాటి వాటి చోట్లలో.
మరిది ఫణీంద్ర తలూపాడు.
అనఘ చూసి, "ఇది అమ్మ కాదు" అంది.

పద్నాలుగేళ్లది. తెలుగు చదవడం రాదు.
లోపలికెళ్లి పుట్టినరోజు కార్డులు తెచ్చి
ఒక్కోటీ తెరిచి బల్ల మీద పరిచింది.
ప్రతి కార్డు అడుగునా నీలం సిరాతో
రెండు బొమ్మలు.
"ఇదీ అమ్మ."

దానికి తెలిసిన తెలుగు ఆ ఒక్క మాటే,
అది తప్పని చెప్పడానికి
నోరు తెరిచి, మూసుకున్నాను.

మళ్లీ సందులోకి వెళ్లాం.
ఇద్దరు దిగిపోయారని చెప్పాను గోర్డన్‌కి.
పెన్సిలు తీసి కొట్టేశాడు.
న ఇంకా స కాళ్లు పట్టుకునే ఉంది.
లెక్క మళ్లీ చూసుకుని
ఆరు పౌండ్లే తీసుకున్నాడు.

మార్చిలో బిగించారు.
తెలుగు తెలిసినవాళ్లెవరైనా అటు వస్తే
అయ్యో, తప్పు చెక్కారే అనుకుంటారు.
అనుకోనీ.
పదేళ్ల తర్వాత అద్దె తనే కడతానంది అనఘ,
బెంచీ మీద అడ్డంగా తిరిగి,
రోడ్డు వైపు మొహం పెట్టి.
బస్సు వచ్చింది.
తలుపు తెరిచి, మా వైపు చూసి,
కాసేపు ఆగి, వెళ్లిపోయింది.